మొగ తెరవాలా, ముయ్యాలా

ముమ్మిడివరం వైపు నుంచి కాట్రేనికోన దాకా కొబ్బరితోటల నీడలో వచ్చిన దారి, ఊరు దాటాక మారిపోతుంది. తోటలు పలచబడి చేలు కనిపిస్తాయి. చేలు తగ్గి రొయ్యల చెరువులు, వాటికి అవతల మడ అడవి, ఉప్పునేల పర్ర, ఇసుక తిప్పలు, ఆపైన బంగాళాఖాతం. తూర్పు పక్కన వృద్ధ గౌతమి. గోదావరి వరద, సముద్రపు పోటు, తుపాను వాన, మూడూ వచ్చి కలిసేది ఈ మండలంలోనే. ఒక్కొక్కటిగా వస్తే జనం ఎలాగో తట్టుకుంటున్నారు. రెండు ఒకేసారి వచ్చిన ఏడాది ఊళ్ళకు ఊళ్ళు కోలుకోవడానికి చాలా కాలం పడుతోంది. సముద్రం వేడెక్కుతున్న ఈ రోజుల్లో అలాంటి ఏడాదులు పెరుగుతాయన్నది శాస్త్రవేత్తల మాట.

కింద మాట్లాడుకున్న ఇద్దరూ నా కల్పన. ఒకరు రిటైరైన బడి మాస్టారు, రెండెకరాల చేను, కొబ్బరితోట ఉన్న రైతు. మరొకరు సముద్రం ఒడ్డున ఉన్న వేట ఊళ్ళో డ్వాక్రా సంఘం లీడరు, ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకున్న మనిషి. వాళ్ళ వాదాలు మాత్రం ఈ నేల మీద ఉన్నవే. ఈ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోకుండా ఇక్కడ వేసిన ఏ గట్టూ, తవ్విన ఏ డ్రెయినూ నిలవదని నా నమ్మకం. అందుకే రాస్తున్నాను.

మాస్టారు: సూటిగా అడుగుతానమ్మాయ్. మురుగు కాలవ సముద్రంలో కలిసే మొగ తవ్వించాలని మేం అర్జీ పెట్టినప్పుడల్లా మీవాళ్ళు వద్దంటారేం? సారవ పంట మునిగి కుళ్ళిపోతుంటే మీకు పట్టదా?

లీడరు: పట్టకేం మాస్టారూ. మీ చేను పండితేనే మా ఊరి ఆడవాళ్ళకి కోతల కూలి. కానీ మొగ తవ్వితే ఏమవుతుందో మీరు సగమే చెబుతున్నారు.

మాస్టారు: పూర్తిగానే చెబుతా విను. మన డెల్టాలో పంట కాలవ ఎంతో, మురుగు కాలవ అంత. వాన నీరు, చేలలోంచి దిగిన నీరు డ్రెయిన్లోకి, డ్రెయిన్లోంచి సముద్రంలోకి పోవాలి. సముద్రం మొగ దగ్గర ఇసుక మేట వేస్తే నీరు వెనక్కి తంతుంది. ఆగస్టులో ఊడ్చిన నాలుగు రోజులకే నారు మునుగుతుంది. అక్టోబరులో ఈనిన చేను మళ్ళీ మునుగుతుంది. 2011లో కోనసీమ రైతు పంట విరామం ప్రకటించాడంటే సరదాకి కాదు. ధర గిట్టకపోవడం ఒక కారణమైతే, మురుగు దిగకపోవడం మరో కారణం. 2022లో మన మండలం సహా సముద్రం వైపు మండలాల్లో మళ్ళీ అదే మాట వచ్చింది. అన్నం పెట్టే డెల్టాలో రైతు చేను బీడు పెట్టుకోవడం కన్నా అవమానం ఏముంది?

లీడరు: ఆ బాధ నాకు తెలుసండి. మరి మలికిపురం వైపు శంకరగుప్తం డ్రెయిన్ చూశారా? అక్కడ పోటు నీరు డ్రెయిన్లోంచి ఎదురెక్కి తోటల్లోకి చేరింది. కేశనపల్లి వైపు కొబ్బరిచెట్లు మొవ్వ ఎండి మొండాలై నిలబడ్డాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి వచ్చి చూసి వెళ్ళారు కూడా. మీ మురుగు బయటికి పోవడానికి వెడల్పు చేసిన దారే ఉప్పునీరు లోపలికి రావడానికీ వెడల్పైంది. తవ్వడం మంచిదే. తవ్వి వదిలేస్తేనే ముప్పు.

మాస్టారు: అది తవ్వకం తప్పు కాదు, షట్టర్ లేకపోవడం తప్పు. మొగకి లోపల స్లూయిజ్ కట్టి, పోటుకి మూసి పాటుకి తెరిస్తే సరిపోతుంది.

లీడరు: సరే, కట్టారు. ఎవరు మూస్తారు? సముద్రం రోజుకి రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. అంటే నాలుగుసార్లు చెయ్యి పడాలి. అందులో ఒకటి రాత్రి రెండింటికి రావచ్చు. రేపు ఆ టైము ముప్పావు గంట, గంట జరుగుతుంది. అమావాస్యకి, పున్నమికి పోటు బలం వేరు. ఇది రాజమండ్రిలో కూర్చుని రాసే డ్యూటీ చార్టు కాదండి.

మాస్టారు: మనిషి అక్కర్లేని తలుపులున్నాయి. లోపలి నీరు ఎక్కువైతే తోసుకుని తెరుచుకుంటాయి, బయటి నీరు ఎక్కువైతే ఆ బరువుకే మూసుకుంటాయి.

లీడరు: ఉన్నాయి. వాటి కింద గుర్రపుడెక్క ఇరుక్కుంటే ఏమవుతుందో చూశారా? తలుపు నాలుగు వేళ్ళ మందాన తెరిచి ఉండిపోతుంది. రాత్రంతా ఆ సందులోంచి ఉప్పునీరు సన్నగా ఎక్కుతూనే ఉంటుంది. పైకి ఏమీ కనబడదు. కొన్నాళ్ళకి కొబ్బరి పిందె రాలుతుంది. కింది మట్టలు గోధుమరంగుకి తిరుగుతాయి. అప్పుడు మీరు ఎరువు తక్కువైందనుకుని ఇంకో బస్తా వేస్తారు. ఆ డెక్క తీసే మనిషి కావాలి, బోల్టులకి గ్రీజు పెట్టే మనిషి కావాలి. ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుందండి? పోటు ఎప్పుడొస్తుందో పంచాంగం చూడకుండా చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఇంటికొకరున్నారు. వాళ్ళకి నెల జీతమిచ్చి ఆ పని అప్పగించండి. మొగ తవ్వడానికి మొదటి సంతకం నేను పెడతాను.

మాస్టారు: జీతం సంగతి తరవాత. ఒక్క మొగతో అయ్యేదా? సముద్రమే ముందుకొస్తోంది. గోడ కట్టకపోతే మీ ఊళ్ళే ఉండవు.

లీడరు: ఉప్పాడలో పెద్ద పెద్ద సంచుల్లో ఇసుక నింపి గోడలా పేర్చారు కదండీ. ఏమైంది? తుపానుకోసారి చిరుగుతూ వచ్చింది, ఊరు కోత పడుతూనే ఉంది. రాయి వేసినచోట అల ఆగితే, ఆ కోపం పక్క ఊరి మీద తీర్చుకుంటుంది. అసలు సముద్రం ఎందుకు ముందుకొస్తోంది? మా తాతల నాడు గోదారి ఏటేటా మట్టి తెచ్చి తిప్పలు వేసేది. ఇప్పుడు ఆ మట్టి ఏది?

మాస్టారు: ఆ లెక్క నాకూ తెలుసు. ఆంధ్రా యూనివర్సిటీలో హేమ మాలిని, కాకాని నాగేశ్వరరావు గార్లు 2004లో రాశారు. 1970ల నాటికీ 1990ల నాటికీ గోదావరి తెచ్చే ఒండ్రు మూడింట రెండు వంతులు తగ్గిందనీ, 1976 నుంచి 2001 మధ్య డెల్టా అంచున 18 చదరపు కిలోమీటర్ల దాకా నేల పోయిందనీ. పైన ఆనకట్టలు కట్టాం, ఒండ్రు అక్కడ ఆగిపోయింది. అయితే ఆనకట్టలు తీసేయమంటావా? కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పని ముగించక ముందు ఈ జిల్లా జనం కరువుకి ఊళ్ళొదిలి పోయిన సంగతి మరిచిపోకు.

లీడరు: తీసేయమని నేనెక్కడన్నాను? పైవాళ్ళు నీరు ఆపుకున్నా, కరెంటు తీసుకున్నా, ఆ లాభంలోంచి కింద నేల పోగొట్టుకున్నవాడికి ఏదీ రాదేం అని అడుగుతున్నాను. 2009లో ప్రపంచంలోని ముఖ్యమైన డెల్టాలు కొన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు మనుషుల పనుల వల్ల కుంగిపోతున్నవాటిలో కృష్ణా గోదావరి డెల్టాలనీ చేర్చారు. సముద్రం చూస్తే పైకి లేస్తోంది. ఉత్తర హిందూ మహాసముద్రం 1993 నుంచి ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోందని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. మీకది గోరు మందమే అనిపించొచ్చు. పర్ర మీద నేల వాలు దాదాపు ఉండదు కదా, అక్కడ ఆ గోరు మందమే చాలా దూరం పారుతుంది.

మాస్టారు: అందుకే గట్లు ఎత్తాలంటున్నా. 1986 ఆగస్టు నాకు బాగా గుర్తు. భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. ఏటిగట్లు తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. 2006లో 28 లక్షలకే శానపల్లిలంక దగ్గర, మొండెపులంక దగ్గర గండ్లు పడ్డాయి. 2022 జులైలో దాదాపు 26 లక్షలు వస్తే గట్ల మీద రాత్రింబవళ్ళు ఇసుకబస్తాలతో కాపలా కాశారు. గట్టు లేకుంటే కోనసీమ లేదమ్మా.

లీడరు: గట్టు లోపలివాళ్ళకి కోనసీమ ఉంది. గట్టు బయట లంకల్లో ఉన్నవాళ్ళకి? గట్టు ఎంత ఎత్తితే ఏటిలో నీరు అంత ఎత్తున నడుస్తుంది, లంక అంత లోతున మునుగుతుంది. హాలెండువాళ్ళు వందల ఏళ్ళు గట్లు ఎత్తీ ఎత్తీ, చివరికి 2006 నుంచి కొన్నిచోట్ల గట్లు వెనక్కి జరిపి నదికి చోటిచ్చారట.

మాస్టారు: అక్కడ ఇచ్చారు. ఇక్కడ ఎవరి చోటు ఇస్తావు? సెంట్ల లెక్కన తోటలు పంచుకున్న నేల ఇది. పది కొబ్బరిచెట్ల మీద ఒక కుటుంబం బతుకుతోంది. గట్టు అర ఫర్లాంగు వెనక్కి జరపాలంటే ముందు ఏ ఇల్లు కూల్చాలో నువ్వే వేలెట్టి చూపించు.

(ఇక్కడ ఆమె కాసేపు మాట్లాడలేదు. మాస్టారి మాటలో బలం ఉంది. మనిషి మీద మనిషిలా కిక్కిరిసిన డెల్టాలో నదికి చోటు వదలమనడం కాగితం మీద రాసినంత తేలిక కాదు.)

లీడరు: చూపించలేను. కానీ గోదారి వరద చెప్పి వస్తుంది మాస్టారూ. భద్రాచలంలో నీరు లేచిన సుమారు ఒక రోజుకి గాని ధవళేశ్వరానికి రాదు, అక్కణ్ణుంచి మన దాకా ఇంకొన్ని గంటలు. ఆ టైములో పశువుల్ని, ధాన్యాన్ని గట్టెక్కించుకోవచ్చు. చెప్పకుండా వచ్చింది 1996 నవంబరు 6 తుపాను. ఆ వేళ నేను పదిహేనేళ్ళ పిల్లని.

మాస్టారు: ఆ రాత్రి మా ఇంటి పెంకులన్నీ పోయాయి. తెల్లారి చూస్తే తోటలో నిలబడిన చెట్టు లేదు.

లీడరు: మీకు చెట్లు పోయాయి. మాకు వేటకెళ్ళినవాళ్ళు, రొయ్యపిల్లలు పట్టడానికి మడల్లోకి, తిప్పల మీదకి వెళ్ళినవాళ్ళు పోయారు. బలుసుతిప్ప, భైరవపాలెం ఊళ్ళని అడగండి. పోయినవాళ్ళు వెయ్యి దాటారు. శవం దొరకనివాళ్ళ పేర్లు ‘కనబడనివాళ్ళు’ అనే ఇంకో లిస్టుకెక్కాయి. ఆ లిస్టులో భర్త పేరున్న ఆడది బొట్టు తియ్యాలో వద్దో తెలియక ఎన్ని నెలలు గడిపిందో నేను చూశాను. ఆ తుపాను చాలా కొద్ది గంటల్లో బలపడి వచ్చింది. రేడియోలో చెప్పేసరికి పడవలు లోపలున్నాయి. ఇప్పుడు సముద్రం ఇంకా వేడి మీదుంది, అలా ఉన్నట్టుండి బలపడే తుపాన్లు పెరుగుతాయంటున్నారు. గట్టు ఎంత ఎత్తినా అలాంటి రాత్రి ముందు మనిషిని కదిలించాల్సింది మనిషే.

మాస్టారు: ఇప్పుడు కదిలిస్తున్నారుగా. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ముందే ఫోన్లు మోగాయి, బస్సులొచ్చాయి, షెల్టర్లు తెరిచారు. 1977లో దివిసీమలో పదివేలమంది, 96లో వెయ్యి పైన. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. సైన్సు చేసిన మేలు అది.

లీడరు: నిజమే, చేతులెత్తి దండం పెడతాను. అయినా ఇంట్లోంచి రాని ముసలమ్మ ఎందుకు రాదో సైన్సుకి తెలియదు. మేకనెక్కడ కడతారు? వల ఎవరు చూస్తారు? షెల్టర్ మెట్లు ఎక్కలేనివాణ్ణి ఎవరు మోస్తారు? మరుగుదొడ్డికి నీళ్ళుండవు. రాత్రంతా రెండొందలమంది మధ్య బహిష్టు పిల్ల ఎక్కడికెళ్తుంది? తాళంచెవి ఎవరింట్లో ఉందో గాలి మొదలయ్యాక వెతకాలా? మా సంఘం పదిమందిమి ఉన్నాం. ఏ ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉందో, ఏ ఇంట్లో కళ్ళు కనబడని తాత ఉన్నాడో మాకు తెలుసు. బంగ్లాదేశ్‌లో 1970 ఉప్పెనకి లక్షలమంది చనిపోయాక ఊరూరా వాలంటీర్లని తయారుచేశారు. ఇప్పుడు 76 వేలమంది, అందులో సగం ఆడవాళ్ళు. మైకు, రెయిన్‌కోటు, ఏటా డ్రిల్లు. ఒడిశాలో మన మత్స్యకారుల ఊళ్ళలాంటివే రెండు ఊళ్ళకి, వెంకట్రాయపూరుకి, నోలియాసాహికి, సునామీ వస్తే ఏం చెయ్యాలో నేర్చుకున్న ఊళ్ళని 2020లో యునెస్కో గుర్తింపొచ్చింది. మన తిప్పలకి అదెందుకు రాకూడదు?

మాస్టారు: రావాలి, కాదనను. కానీ నీ వాదంలో లోటు చెబుతా. ప్రాణం మిగిలింది. మర్నాడు? చేనంతా పడిపోయి కంకి మొలకెత్తితే, నష్టపరిహారం పాస్‌బుక్కున్నవాడి పేరు మీద వస్తుంది. కౌలుకి చేసినవాడికి అప్పు మాత్రం మిగులుతుంది. షెల్టర్లో ఒక రాత్రి బతికినవాడు ఆ తరవాత ఏడాదంతా ఎలా బతకాలో మీ వాలంటీర్లు చెప్పగలరా? నేనైతే విత్తనం దగ్గర మొదలెడతా. మార్టేరులో పుట్టిన స్వర్ణకే ముంపుని తట్టుకునే గుణం ఎక్కించి 2009లో స్వర్ణ సబ్-1 ఇచ్చారు. రెండు వారాలదాకా నీళ్ళలో ఉన్నా తేరుకుంటుంది. అలాంటి విత్తనం ప్రతి కౌలుదారుకీ అందాలి. సాయం సాగు చేసిన చేతికి రావాలి.

లీడరు: ఆ మాటకి నాదీ ఓటే. కానీ ఆ విత్తనమూ ఉప్పు ముందు ఆగదు. అందుకే మడ గురించి అడుగుతున్నా. 1999 ఒడిశా తుపానులో కేంద్రపడా జిల్లా ఊళ్ళని ఒకటొకటి లెక్కగట్టారు, సౌదామినీ దాస్, ఒక అమెరికా ప్రొఫెసరు. ముందు మడ అడవి వెడల్పున్న ఊళ్ళో చావులు తగ్గాయి.

మాస్టారు: ఆ పరిశోధనలోనే హెచ్చరిక కాపాడిన ప్రాణాలు అంతకన్నా ఎక్కువని కూడా ఉంది. అది వదిలేశావు.

లీడరు: వదలను. హెచ్చరిక మనిషిని కాపాడింది. మడ, మనిషితో పాటు గుడిసెనీ చేనునీ కాపాడుతుంది. రోజూ పీతో, రొయ్యో ఇస్తుంది. మడ పెంచడం మొక్క గుచ్చి ఫొటో దిగినంత పని కాదండి. స్వామినాథన్ ఫౌండేషన్‌వాళ్ళు గోదారి మడల్లో చేసిన పద్ధతి చూడండి. పాడైన పర్రలో నీరు నిలిచి ఎండి ఉప్పు గడ్డకడుతుంది, అక్కడ ఏ గింజా మొలవదు. ముందు ఒక పెద్ద కాలవ తవ్వాలి, దానికి చేప ముల్లులా అటూ ఇటూ పిల్ల కాలవలు తియ్యాలి. పోటు నీరు వాటిల్లోకి ఎక్కి, పాటుకి దిగిపోవాలి. అలా రోజూ కడిగితే ఉప్పు తగ్గుతుంది. అప్పుడు ఆ పిల్ల కాలవల అంచున తెల్లమడ నాటాలి. కాలవ పూడిపోతే మళ్ళీ తియ్యాలి. అది చూసుకోవడానికి ఊళ్ళో కమిటీ ఉండాలి. మా కందికుప్ప మడ వైపు ఇంకా కొన్ని పర్రలు అలా ఖాళీగా పడున్నాయి.

మాస్టారు: ఖాళీ అంటావు, ఆ పర్రల పక్కన జిరాయితీ ఉంది.

లీడరు: ఉంది. మీ చేనూ అందులోదే. మీరు రొయ్యల చెరువుకి లీజుకిచ్చిందే.

మాస్టారు: ఇచ్చాను. దాళ్వా రాదు, సారవ మునుగుతుంది. ఎకరాకి కౌలు కన్నా లీజు ఎన్నో రెట్లు. నా కూతురి పెళ్ళప్పు ఎవరు తీర్చాలి?

లీడరు: మిమ్మల్ని తప్పుపట్టను. ఆ చెరువు గట్టు ఎత్తేటప్పుడు పక్కనున్న మురుగు బోదె సగం మూసుకుపోయింది. చెరువులో నీరు మార్చినప్పుడు ఆ ఉప్పునీరు మీరు తవ్వించమంటున్న డ్రెయిన్లోకే దిగుతోంది. పై చేనువాడి నారు చూడండి, కొస ఎర్రబడింది. 96 తుపాను వచ్చిన నెలకి, డిసెంబరు 11న, తీరంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2005లో చట్టమొచ్చింది, అథారిటీ వచ్చింది. కాయితాలు ఉన్నాయి. బోదె మాత్రం మూసుకుపోయే ఉంది.

మాస్టారు: చెరువులన్నీ తీసేస్తే మీ ఊరి కుర్రాళ్ళు కాపలా పని, మేత పని పోగొట్టుకుంటారు. అది కూడా లెక్కలో పెట్టు. నా మాట విను, అసలు మీ ఊళ్ళనే కాస్త లోపలికి మారిస్తే సగం గొడవ పోతుంది. ఒడిశాలో సతభయ ఊరివాళ్ళని 2018లో బాగపటియాకి మార్చారు. ఇళ్ళ స్థలాలు, కట్టుకోవడానికి సాయం ఇచ్చారు.

లీడరు: పది కిలోమీటర్ల పైన దూరం. వేటకి పోయేవాడు తెల్లారుజామున మూడింటికి గాలి చూసి పడవ దింపుతాడు. పది కిలోమీటర్ల అవతల మంచం మీద పడుకుని గాలి చూడగలడా? వల, ఇంజను ఒడ్డున ఎవరి కాపలాలో ఉంటాయి? సముద్రం మా ఇంటి గడప దాకా వచ్చిన రోజున మేమే అడుగుతాం. అప్పుడు ఇల్లు ఎక్కడ, రేవుకి దారి ఎటు, స్థలం ఎవరి పేరున అన్నది మాతో కూర్చుని తేల్చాలి. ఇవాళ మమ్మల్ని ఖాళీ చేయించి, రేపు అదే ఒడ్డున రిసార్టు కడితే ఊరుకోం.

మాస్టారు: సరే. కూర్చోవడం అన్నావు కాబట్టి చెప్పు, ఎక్కడ కూర్చుంటావు? నీటి సంఘం ఉంది. 1997 చట్టం. 2024 డిసెంబరులో ఎన్నికలూ అయ్యాయి. కాలవలు, డ్రెయిన్లు, షట్టర్ల పని తేల్చేది అందులోనే.

లీడరు: అందులో ఓటు ఆయకట్టు భూమి ఉన్నవాడికి, సాగు చేసేవాడికి. డ్రెయిన్ చివర పడవ కట్టుకున్న మా ఊరివాడికి ఓటు లేదు, కుర్చీ లేదు. మీ నీరు దిగేది మా ఊళ్ళోంచి, ఉప్పు ఎక్కేదీ మా ఊళ్ళోంచే. తీర్మానం మాత్రం మేం లేనిచోట రాస్తారు. మాకు రెండు కుర్చీలు వెయ్యండి. షట్టర్ పని మా వాళ్ళకివ్వండి. ఏ పోటుకి మూశారో, ఏ పాటుకి తెరిచారో రిజిస్టరు పెడతాం, మీరొచ్చి ఎప్పుడైనా తనిఖీ చేసుకోండి.

మాస్టారు: నీటి తీరువా కట్టేది రైతు. కట్టనివాడికి కుర్చీ ఎలా వేస్తారు? నేను ఒప్పుకున్నా మిగతా రైతులు ఒప్పుకోవాలిగా.

లీడరు: తుపాను రాత్రి మీ ఊరివాళ్ళని లంకలోంచి దాటించింది మా పడవలు. ఆ రాత్రి తీరువా రసీదు ఎవరూ అడగలేదు.

మాస్టారు: (కాసేపు ఆగి) షట్టర్ మనిషి మీ ఊరివాడే ఉండాలన్న అర్జీ మీద సంతకం పెడతాను. జీతం పంచాయతీ ఇస్తుందా, సంఘం ఇస్తుందా అన్నది ముందు తేలాలి. కుర్చీ సంగతి సంఘంలో అడుగుతాను, ఒప్పిస్తానని మాట ఇవ్వను. నా పర్రలో మడ మాత్రం వెయ్యనివ్వను. లీజు ఇంకా రెండేళ్ళుంది.

లీడరు: లీజు అయ్యేదాకా మీ పర్ర జోలికి రాము. ఈలోగా చెరువు గట్టు పక్కన బోదె తవ్వించండి, మీ ఖర్చుతో. అది తవ్వించాక మీ అర్జీ మీద మా ఊరి సంతకాలు పట్టుకొస్తాను.

మాస్టారు: బోదె నా ఒక్కడిదా? పక్క నలుగురి చెరువుల వెంట పోతోంది.

లీడరు: ఆ నలుగురినీ ఆదివారం పిలవండి. మా వాళ్ళని నేను తీసుకొస్తాను. పాటు పదింటికి మొదలవుతుంది, మొగ దగ్గరే నిలబడి చూద్దాం నీరు ఎక్కడ ఆగుతోందో.